దరఖాస్తుతో పంపే ఉత్తరంలో ఏం రాయాలి? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఈ శీర్షికకు కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. వాటిలో చాలామంది అడిగింది ఉద్యోగ దరఖాస్తుకు జతచేసే కవర్ లెటర్ గురించి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, కొన్నింటిని కుదించి ఇక్కడ ఇస్తున్నాము. తమ దరఖాస్తుల నకళ్ళు పంపినవారి పేర్లను, వారు దరఖాస్తు చేసిన సంస్థల పేర్లను ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను 2024లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశాను. పెనుకొండ వైపు ఉన్న కార్ల విడిభాగాల సంస్థలకు, బెంగళూరులోని కొన్ని కంపెనీలకు క్వాలిటీ విభాగంలో ట్రెయినీ ఉద్యోగం కోసం దరఖాస్తులు పంపుతున్నాను. ఎవరూ ఇంటర్వ్యూకు పిలవడం లేదు. మా నాన్నగారికి మోటారు రీవైండింగ్ షాపు ఉంది. చదువుకునే రోజుల్లో సెలవులన్నీ అక్కడే గడిచాయి, ఇప్పుడూ అక్కడే పనిచేస్తున్నాను. నా కవర్ లెటర్ నకలు జతచేశాను. లోపం ఎక్కడుందో చెప్పగలరు. — ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మీ ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. దాని మొదటి పేరాను తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: "మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో ఖాళీ ఉన్నట్లు తెలిసి దరఖాస్తు చేసుకుంటున్నాను. నేను కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను, నలుగురితో కలిసి పనిచేయగలను. అవకాశం ఇస్తే మీ సంస్థ అభివృద్ధికి శాయశక్తులా కృషిచేస్తాను." ఇందులో వ్యాకరణ దోషం లేదు, అక్షర దోషం లేదు. అయితే మీ పేరు తీసి మీ తరగతిలో మరే విద్యార్థి పేరు పెట్టినా ఈ పేరా చెల్లుతుంది. సంస్థ పేరు తీసి ఏ సిమెంటు ఫ్యాక్టరీ పేరు పెట్టినా చెల్లుతుంది. దరఖాస్తులను వడపోసేవారు ఇటువంటి పేరాను రోజూ చూస్తారు కాబట్టి చదవకుండానే కిందికి దిగిపోతారు. రెండో పేరాలో మీరు మార్కుల శాతాన్ని, కాలేజీ పేరును, సాఫ్ట్‌వేర్ కోర్సులను మళ్ళీ రాశారు. అవన్నీ రెజ్యూమెలో ఉన్నవే.

మీ ప్రశ్నలో పక్కమాటగా చెప్పి వదిలేసిన రీవైండింగ్ షాపు మాత్రం మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. నాన్నగారి షాపు గురించి కంపెనీవారికి రాయడం చిన్నతనం అనుకొని ఉంటారు. మన జిల్లాల యువకులలో ఈ మొహమాటం ఎక్కువ. ఆదోని యార్డులో పత్తి తూకాలు రాసినవారు, కర్నూలు మార్కెట్లో ఉల్లి కమీషన్ దుకాణంలో చిట్టా చూసినవారు ఆ సంగతి దాచిపెట్టి, ఆన్‌లైన్‌లో చేసిన చిన్న కోర్సు సర్టిఫికెట్‌ను ముందు పెడతారు. నా అభిప్రాయంలో దాచిన ఆ పనే ఉత్తరానికి ప్రాణం. క్వాలిటీ విభాగంలో చేసే పని ఏమిటి? వచ్చిన వస్తువులో లోపం ఉందా లేదా చూడడం, ఉంటే ఎందుకు వచ్చిందో తేల్చడం, దానిని నమోదుచేయడం, మళ్ళీ రాకుండా చూడడం. బోరుబావి మోటారు కాలిపోయి వస్తే మీ షాపులో చేసేది కూడా చాలావరకు అదే కదా.

కాబట్టి ఉత్తరాన్ని ఈ తీరులో తిరిగి రాయవచ్చు. పంపవలసింది ఇంగ్లీషులోనే, ఇక్కడ మాత్రం అందరికీ అర్థమయ్యేందుకు తెలుగులో ఇస్తున్నాను. షాపు పనిలోని వివరాలు నేను ఊహించినవి. మీరు నిజంగా చేసిన పని వీటిలో ఏదో దానినే ఉంచి, మిగిలినవి తీసివేయాలి.

"తయారీలో వచ్చే లోపాలను గుర్తించి కారణాలు నమోదు చేయగల ట్రెయినీ కావాలని మీ ప్రకటనలో ఉంది. అనంతపురంలోని మా మోటారు రీవైండింగ్ షాపులో నేను చేస్తున్న పని దీనికి దగ్గరగా ఉంటుంది. కాలిపోయిన సబ్‌మెర్సిబుల్ మోటారు వచ్చినప్పుడు, వైండింగ్ మార్చే ముందు అది ఎందుకు కాలిందో చూస్తాను. ఒక ఫేజు పోయినా నడవడం వల్ల కాలిందా, బోరులో నీళ్ళు అయిపోయాక కూడా తిరగడం వల్ల కాలిందా, ఇసుక చేరి బుష్‌లు అరిగిపోయాయా అన్నది కాయిల్స్ కాలిన తీరును, బుష్‌ల అరుగుదలను బట్టి తేల్చి తేదీతో సహా రిజిస్టరులో రాస్తాను. కొత్త వైండింగ్ అయ్యాక మెగ్గరుతో ఇన్సులేషన్ పరీక్షించి, ఆ రీడింగ్ రాసిన తరువాతే మోటారు ఇచ్చేస్తాము. ఒకే ఊరి నుంచి ఒకే కారణంతో మోటార్లు పదేపదే రావడాన్ని ఆ రిజిస్టరులోనే గమనించి, ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్‌ను స్టార్టరుకు పెట్టించుకోమని ఆ రైతులకు చెప్పాము. కాలేజీ మెట్రాలజీ ల్యాబులో వెర్నియర్, మైక్రోమీటర్లతో కొలవడం, డ్రాయింగ్ చదవడం నేర్చుకున్నాను. ఉత్పత్తి లైనులో పనిచేసిన అనుభవం నాకు లేదు. షిఫ్టుల్లో పనిచేయగలను, పెనుకొండలోనే గది తీసుకొని ఉండగలను."

ఈ ఉత్తరంలో 'కష్టపడి పనిచేస్తాను' అన్న మాట ఎక్కడా లేదు, అయినా చదివినవారికి ఆ సంగతి తెలుస్తుంది. మొదటి వాక్యం ప్రకటనలోని అవసరంతో మొదలయింది. ప్రకటన మారితే ఆ వాక్యం మారాలి, దానితోపాటు కింద ఇచ్చే ఉదాహరణ కూడా మారాలి. డిజైన్ విభాగంలో ఉద్యోగమైతే రీవైండింగ్ షాపు ఒక్క వాక్యానికి తగ్గి, మీ ఫైనలియర్ ప్రాజెక్టు ముందుకు వస్తుంది. 1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్చి మిలాన్ పాలకుడు లుడొవికో స్ఫోర్జాకు కొలువు కోరుతూ రాసిన ఉత్తరం ముసాయిదా ఒకటి నేటికీ ఉంది. అంతటి చిత్రకారుడు అందులో తేలికగా మోసుకుపోగల వంతెనలు, ఫిరంగులు, ముట్టడి యంత్రాల గురించి వరుసగా చెప్పి, శిల్పం, చిత్రలేఖనం సంగతి చివరికి ఉంచాడు. యుద్ధాలు చేసే పాలకుడికి ముందుగా కావలసింది ఏమిటో ఆయనకు తెలుసు.

అనుభవం లేదన్న వాక్యాన్ని తీసివేయాలని మీకు అనిపించవచ్చు, దయచేసి తీయవద్దు. అది రెజ్యూమెలో ఎలాగూ కనిపిస్తుంది. మీరే ఒక్క ముక్కలో చెప్పేస్తే మిగతా వాక్యాలమీద నమ్మకం కుదురుతుంది. అయితే దాని తరువాత క్షమాపణలాంటి మాటలు చేర్చకూడదు.

ప్రశ్న: ఏపీపీఎస్సీ, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల దరఖాస్తులకు కూడా కవర్ లెటర్ కావాలా? — ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అవసరం లేదు. అక్కడ ఆన్‌లైన్ ఫారంలోని గడులు సరిగా నింపడం, పరీక్ష రాయడమే లెక్కలోకి వస్తాయి. జిల్లా స్థాయిలో ఒప్పంద పద్ధతిన భర్తీచేసే ఉద్యోగాలకు కాగితం దరఖాస్తు కోరినప్పుడు, నోటిఫికేషన్‌తో ఇచ్చిన నమూనాలోనే పంపాలి. దానిపైన నాలుగు వాక్యాల ఉత్తరం పెట్టవచ్చు. అందులో ఉద్యోగం పేరు, నోటిఫికేషన్ సంఖ్య, తేదీ, జతచేసిన పత్రాల జాబితా ఉంటే చాలు. ఇప్పటికే ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవారు తమ శాఖ ద్వారా పంపుతున్నారో, నిరభ్యంతర పత్రం జతచేస్తున్నారో కూడా అందులో పేర్కొనాలి. స్వగతానికి అక్కడ చోటు లేదు.

ప్రశ్న: నేను ఎం.కాం. చదివి ప్రొద్దుటూరులో ఒక బట్టల దుకాణంలో నాలుగేళ్ళు లెక్కలు చూశాను. 2019లో పాప పుట్టాక మానేశాను. ఇప్పుడు కడపలో అకౌంటెంట్ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాను. ఇన్నేళ్ళ విరామం గురించి ఉత్తరంలో రాయాలా? రాస్తే అసలే పిలవరేమోనని భయంగా ఉంది. — ఒక పాఠకురాలు, కడప

జవాబు: రాయాలి, ఒకే వాక్యంలో రాయాలి. "2019 నుంచి పాప పెంపకం కోసం ఉద్యోగానికి దూరంగా ఉన్నాను, ఇప్పుడు పూర్తి సమయం పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాను" అంటే సరిపోతుంది. పాపను అత్తగారు చూసుకుంటారని, మీవారు ఒప్పుకున్నారని రాయనవసరం లేదు. మన బయోడేటాలలో అలవాటుగా కనిపించే తండ్రి లేదా భర్త పేరు, మతం, వివాహ వివరాలు కూడా ఈ ఉత్తరంలో అక్కరలేదు.

యజమానికి అసలు సందేహం విరామం మీద ఉండదు, ఆ కాలంలో లెక్కల పద్ధతులు మారిపోయాయి, ఈమెకు అవి తెలుసా అన్నదాని మీద ఉంటుంది. మీ ఉత్తరంలో ఎక్కువ చోటు దానికే ఇవ్వండి. మీరు మానేసిన తరువాత జీఎస్టీలో వచ్చిన మార్పులు తక్కువేమీ కావు. కొనుగోళ్ళ మీద మనకు రావలసిన క్రెడిట్‌ను, అంటే కట్టిన పన్నుకు దక్కే మినహాయింపును చూపే జీఎస్టీఆర్-2బి పత్రం 2020లో వచ్చింది. ఏటా 5 కోట్ల రూపాయల వరకు టర్నోవరు ఉన్నవారు మూడు నెలలకు ఒకసారి రిటర్ను వేసి, పన్ను మాత్రం నెలనెలా కట్టే పద్ధతి 2021 జనవరిలో మొదలయింది. టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారాలు ఇతర వ్యాపార సంస్థలకు చేసే అమ్మకాలకు ఈ-ఇన్‌వాయిస్ తీయాలన్న నియమం 2023 ఆగస్టు 1 నుంచి వచ్చింది. మీకు బాగా తెలిసిన బట్టల వ్యాపారంలోనే చూడండి. వెయ్యి రూపాయలు దాటిన రెడీమేడ్ దుస్తులకు మీ రోజుల్లో 12 శాతం పన్ను ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల వరకు 5 శాతం, ఆపైన 18 శాతం అయింది.

వీటిని ఇంతకుముందే నేర్చుకొని ఉంటే, ఎక్కడ నేర్చుకున్నారో ఆ సంగతి రాయండి. నేర్చుకోకపోతే దరఖాస్తు పంపే ముందు కొంతకాలం తెలిసిన ట్యాక్స్ ప్రాక్టీషనరు దగ్గరో, బంధువుల దుకాణంలోనో కూర్చొని చేతితో చేసి చూడండి. "దుకాణంలో పనిచేసిన కాలంలో ప్రతి నెలా సరఫరాదారుల బిల్లులను లెడ్జరుతో సరిచూసేదాన్ని. ఈ మధ్య ఒక చిన్న వ్యాపారానికి ట్యాలీలో పద్దులు రాస్తూ, కొనుగోలు రిజిస్టరును జీఎస్టీఆర్-2బితో సరిపోల్చి, రాని బిల్లుల కోసం సరఫరాదారులకు ఫోను చేసి రప్పించుకుంటున్నాను" అని రాయగలిగిన రోజున విరామం గురించి అడిగేవారు తగ్గుతారు. బిల్లు అప్‌లోడ్ చేయని వ్యాపారి చేత చేయించడం ఎంత కష్టమో ప్రతి యజమానికి తెలుసు. ఆ మాట కంటబడగానే ఆయన మీ ఫోను నంబరు కోసం చూస్తాడని నా నమ్మకం.

ప్రశ్న: ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చేసి, అప్రెంటిస్‌షిప్ కూడా పూర్తిచేశాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. ఓర్వకల్లు వైపు సోలార్ ప్లాంట్లలో టెక్నీషియన్ ఉద్యోగాలకు ప్రయత్నిస్తున్నాను. ఇంగ్లీషు రాయడం రాదు కాబట్టి స్నేహితుడు చాట్‌జీపీటీతో ఉత్తరం రాయించి ఇచ్చాడు. ఇంటర్వ్యూలో ఆ ఉత్తరంలోని ఒక మాటకు అర్థం అడిగితే చెప్పలేకపోయాను. ఇక దానిని వాడకూడదా? — ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వాడవచ్చు, అయితే వరుస మార్చాలి. మీరు పంపిన ఉత్తరంలో "పునరుత్పాదక ఇంధన రంగంలో వినూత్న పరిష్కారాలకు సారథ్యం వహించాను" అన్న అర్థంలో ఒక వాక్యం ఉంది. అప్రెంటిస్‌గా చేసినవారు ఏ రంగానికీ సారథ్యం వహించరని చదివేవారికి తెలుసు కదా. మీ గురించి ఏమీ చెప్పకుండా ఉత్తరం రాయమంటే ఏ యంత్రమైనా ఇలాంటి గాలిమాటలతోనే నింపుతుంది.

ముందుగా మీరే తెలుగులో, మీ మేస్త్రీకి చెప్పుకున్నట్టు, చేసిన పని రాయండి. ఉదాహరణకు మీరు సోలార్ మీద పనిచేసి ఉంటే: "ఒక స్ట్రింగ్‌లో కరెంటు మిగతా వాటికంటే తక్కువ వస్తోందని క్లాంప్ మీటరుతో కనిపెట్టాను. కాంబైనర్ బాక్సులో ఫ్యూజు బాగానే ఉంది. ప్యానెళ్ళ వెంట చూసుకుంటూ పోతే ఒక ఎంసీ4 కనెక్టరు వదులై కాలినట్టు కనిపించింది. సూపర్‌వైజరుకు చూపించి, స్ట్రింగ్‌ను ఐసొలేట్ చేసి కనెక్టరు మార్చాము." సోలార్ అనుభవం లేకపోతే అప్రెంటిస్‌షిప్‌లో చేసిన ప్యానెల్ బోర్డు వైరింగో, ఎర్త్ రెసిస్టెన్స్ కొలవడమో ఇదే తీరున రాయండి. ఎత్తులో పనిచేసేటప్పుడు, సప్లై ఉన్న చోట పనిచేసేటప్పుడు మీరు పాటించే జాగ్రత్తలు రెండు ముక్కల్లో చేర్చండి. సోలార్ ప్లాంటులో ఎండ ఉన్నంతసేపు ప్యానెళ్ళలో డీసీ వోల్టేజి ఉంటూనే ఉంటుంది, మెయిన్ ఆపితే పోదు. ఆ సంగతి తెలిసినవాడని మీ ఉత్తరంలోనే కనిపిస్తే సైటు ఇంజినీరు సంతోషిస్తాడు.

ఆ తరువాత దానిని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలలోకి మార్చమని, కొత్త సంగతులేవీ చేర్చవద్దని యంత్రాన్ని అడగండి. వచ్చినదానిని పైకి చదవండి. నోరు తిరగని మాట, అర్థం చెప్పలేని మాట కొట్టేసి సులువైనది పెట్టించండి. ప్రతి వాక్యం గురించి ఎవరైనా అడిగితే తెలుగులోనైనా కాసేపు మాట్లాడగలరా అని చూసుకోండి. మాట్లాడలేకపోతే ఆ వాక్యం మీది కాదు. ఆధార్ సంఖ్య, పాన్ వంటివి ఆ యంత్రానికి ఇవ్వవద్దు. నిజానికి కవర్ లెటర్‌లో కూడా వాటితో పని లేదు.

ప్రశ్న: ఉత్తరాన్ని ఈ-మెయిల్‌లోనే రాయాలా, విడిగా ఫైలుగా జతచేయాలా? ఎవరిని సంబోధించాలి? ఎంత పొడవు ఉండాలి? — ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: ప్రకటనలో ఫైలుగా అడిగితే ఫైలుగా, లేకపోతే మెయిల్‌లోనే రాయండి. రెండుచోట్లా ఒకే ఉత్తరం పెట్టి చదివినదే చదివించకండి. ఫైలైతే ఏ4 కాగితంలో ఒక పేజీ దాటకూడదు, మెయిల్‌లోనైతే అందులో సగం మేలు. చాలామంది ఇప్పుడు మెయిల్‌ను ఫోనులోనే తెరుస్తారు. విషయం అన్నచోట ఉద్యోగం పేరు, ప్రకటన సంఖ్య, మీ పేరు ఉండాలి. "జాబ్" అనో "రెజ్యూమె" అనో ఒక్క మాట పెట్టి పంపితే ఆ మెయిల్‌ను తరువాత వెదికి పట్టుకోవడం ఎవరివల్లా కాదు. ఫైలును పీడీఎఫ్‌గా మార్చి, దానికి మీ పేరు పెట్టండి. "న్యూ రెజ్యూమె ఫైనల్ 3" అన్న పేరుతో వచ్చే ఫైళ్ళు ఎన్నో.

ప్రకటనలో అధికారి పేరు ఉంటే ఆ పేరుతోనే సంబోధించి, చివర "యువర్స్ సిన్సియర్లీ" అనండి. పేరు తెలియకపోతే "డియర్ సర్ ఆర్ మేడమ్" అని మొదలుపెట్టి "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" అని ముగించడం రివాజు. "యువర్స్ ఒబీడియంట్లీ" బడిలో సెలవు చీటీతోనే వదిలేయవలసినది. ఇక సంస్థ పేరు. ఒక సంస్థకు రాసిన ఉత్తరంలో పాత పేరు మార్చడం మరచి మరో సంస్థకు పంపేవారు చాలామంది ఉన్నారు, పంపే ముందు చివరిసారి చూడవలసింది దానినే.

ప్రశ్న: ఆశించే జీతం రాయాలా? పంపిన తరువాత ఎన్నాళ్ళు ఆగాలి? నాకు ఒక చోటి నుంచి వెంటనే జవాబు వచ్చింది, కానీ నియామక పత్రం ఇవ్వడానికి ముందుగా డిపాజిట్ కట్టమంటున్నారు. — ఒక పాఠకురాలు, గుంతకల్లు

జవాబు: ప్రకటనలో అడిగితేనే జీతం రాయాలి. అడిగినప్పుడు "మీరు ఇచ్చినంత" అనకుండా, ఆ ఊళ్ళో ఆ పనికి ఎంత ఇస్తున్నారో నలుగురిని కనుక్కొని, ఇంత నుంచి ఇంత వరకు అని రాయండి. పనిచేస్తున్నవారైతే నోటీసు కాలం ఎంతో కూడా అక్కడే చెప్పాలి. గడువు తేదీ దాటిన వారం పది రోజులకు, ముందు పంపిన మెయిల్‌కే జవాబుగా రెండు వాక్యాలు రాసి, దరఖాస్తు అందిందో లేదో అడగవచ్చు. దానికీ సమాధానం రాకపోతే మళ్ళీ మళ్ళీ అడగకుండా మరో చోటికి పంపడం మంచిది.

మీకు వచ్చిన జవాబు మాత్రం మోసం అనే అనుకోవాలి. ఉద్యోగం ఇచ్చేవారు డిపాజిట్ పేరుతోనో, యూనిఫారం పేరుతోనో, ల్యాప్‌టాప్ పేరుతోనో ముందుగా డబ్బు అడగరు. ఆ మెయిల్ చిరునామాను ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోని చిరునామాతో పోల్చి చూడండి. మీ సర్టిఫికెట్ల అసలు ప్రతులు ఎవరికీ పంపవద్దు. ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదులకు ఉన్న 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇచ్చి, మీ బ్యాంకుకు కూడా తెలియజేయండి.